కొనువాని మనస్సు – అమ్మువాని మాట

వస్తువు మంచిదైనంత మాత్రమున అమ్ముడుపోవునా? పోదని, అంగడి పెట్టి నాలుగు నాళ్లు కూర్చున్న ప్రతి వర్తకునకును అనుభవమే. రావులపాలెము అరటిగెలల మార్కెట్టులో పక్కపక్కనే పేర్చిన రెండు రాసులు ఒకే లంకలో పండినవైనను, ఒకటి ప్రొద్దెక్కక ముందే చెల్లిపోవచ్చును. రెండవది మధ్యాహ్నము దాక ఎండకు వాడుచుండవచ్చును. అట్టి చోట భేదము కాయలో లేదు, మాటలో ఉన్నది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత వ్యాపారములోను చెల్లును. అయితే మంచి నోరనగా తీయగా మాటలాడు నోరేనా, నిజము చెప్పు నోరా, ఎదుటివాని మనస్సెరిగి పలుకు నోరా? ఈ ప్రశ్నను గూర్చియే నేడు కొంత విచారింతము.

గోదావరి డెల్టా బేరసారములకు పుట్టినిల్లు. ధాన్యము, కొబ్బరి, అరటి, చేప, రొయ్య, ఆత్రేయపురపు పూతరేకు, ఉప్పాడ జాందానీ చీర, నరసాపురపు లేసు – ఇవన్నియు పుట్టినచోటనే చెల్లిపోవు సరకులు కావు. పరాయి ఊళ్లకు, పరాయి దేశములకు పోవలసినవి. సరకు చేసిన చేతికిని కొను చేతికిని నడుమ దూరము పెరిగినకొలది మాట బరువు పెరుగును. ఒకనాడు ఈ పని దండోరా వేయువాడు చేసెను. పిమ్మట గోడమీది వ్రాత చేసెను. పత్రికలోని ప్రకటన చేసెను. మా రేడియోయు చేసినది. నేడు ఇంటింట మొబైలు ఫోను చేయుచున్నది. సాధనములు మారినవి గాని వినువాని మనస్సు అంతగా మారలేదు.

ఆ మనస్సును శాస్త్రరీత్యా పరిశీలింపవలెనన్న కోరిక ఇరువదవ శతాబ్ది ఆరంభముననే పుట్టినది. అమెరికాలో వాల్టర్ డిల్ స్కాట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1903లో ఒకటి, 1908లో మరియొకటి ప్రకటనల మనస్తత్త్వమును గూర్చి గ్రంథములు వెలువరించెను. మనుష్యుడు తర్కించి కొనుట కంటె సూచనకు లోబడి కొనుటయే యెక్కువ అని ఆయన అభిప్రాయము. నాటినుండి నేటివరకు ప్రకటనలు వ్రాయువారిలో పెక్కురు ఈ బాటనే నడచుచున్నారు. రంగు, రాగము, పునరుక్తి, ఆకర్షణ – వీనితో శ్రోత చెవిని పట్టుకొనుటయే విద్య అని వారు తలంతురు.

అందు సత్యము కొంత లేకపోలేదు. కాని మేము ఇంకొక కోణమునుండి ఈ విషయమును చూడదలచితిమి. కొనువాని మనస్సున అన్నిటికంటె ముందు నిలుచునది కోరిక కాదు, సందేహము. ఆ సందేహమేమో యెరుగుటయే మనస్తత్త్వ జ్ఞానము. ఎరిగిన పిమ్మట అమ్మువానికి రెండు దారులు కలవు. సందేహమును తీర్చుట యొకటి, సందేహమును నిద్రపుచ్చుట రెండవది. రెండును సరకును అమ్మును. మొదటిది అమ్మిన సరకు మరల అమ్ముడగును. రెండవది అమ్మిన సరకు కొన్నవానిని గాని, చేసినవానిని గాని, ఎవరినో యొకరిని నష్టపరచియే తీరును. మన ప్రాంతపు కథలే ఇందుకు సాక్ష్యము.

మొదట రైతు సంగతి చూతము. రైతును మూఢుడనియు, క్రొత్తదానిని నమ్మడనియు పట్టణవాసులు నిందించుట వాడుక. ఈ నింద ఎంత నిరాధారమో, అమెరికాలోని అయోవా రాష్ట్రములో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను ఇద్దరు పరిశోధకులు జరిపి 1943లో ప్రకటించిన పరిశీలన చూపినది. అచ్చటి రెండు గ్రామీణ ప్రాంతముల రైతులు సంకర జాతి మొక్కజొన్న విత్తనమును ఎట్లు స్వీకరించిరో వారు అడిగి తెలిసికొనిరి. విత్తనము సంగతి చాలమంది రైతులకు మొదట చెప్పినవాడు కంపెనీవారి మనిషి. కాని విత్తుటకు ఒప్పించినవాడు ఇరుగుపొరుగు రైతు. అంతటితో ఆగక, చాలమంది మొదటి యేడు పొలమంతయు విత్తలేదు. కొంత భాగములోనే విత్తి చూచిరి. ఇది మూఢత్వమా? కాదు. పంట పోయినచో ఏడాది గడువు పోవును, అప్పు మిగులును. ఆ భయమునకు రైతు తానే వెదకుకొన్న మందు ఇది – ఒక మడిలో నాటి చూచుట.

ఇట్టి పరీక్షయే మన పశ్చిమగోదావరిలోను జరిగినది. 1959లో ఫోర్డు ఫౌండేషను నిపుణులు భారతదేశపు ఆహార సమస్యను గూర్చి నివేదిక సమర్పించిన పిమ్మట, సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకము బయలుదేరెను. జనులు దానిని ప్యాకేజీ కార్యక్రమ మనిరి. దేశమందు మొదట ఎన్నుకొనబడిన ఏడు జిల్లాలలో పశ్చిమగోదావరి యొకటి. 1960–61లో పని ప్రారంభమైనది. విత్తనము, ఎరువు, అప్పు, సలహా – నాలుగును కలిపి ఒక్కమారుగా రైతు చేతికి అందించుట దాని సూత్రము. ప్రతి రైతునకును వాని పొలమును బట్టి ప్రత్యేకముగ సేద్యపు ప్రణాళిక వ్రాయుట, ఊరి పొలములోనే ప్రదర్శన క్షేత్రము నడపుట ఆ పథకములోని భాగములు.

ఈ పద్ధతిలోని మనస్తత్త్వ రహస్యమును గమనింపుడు. "ఎరువు వేసిన పంట పెరుగును" అన్నది అందరికి చెప్పు మాట. "మీ రెండెకరములకు ఇన్ని బస్తాలు వలయును, ఇంత అప్పు దొరకును" అన్నది ఒక్కనికి చెప్పు మాట. మొదటి మాట వినినవాడు తల యూపి ఇంటికి పోవును. రెండవ మాట వినినవాడు లెక్క వేయును. లెక్క వేయుచున్నాడనగా సగము ఒప్పుకొన్నాడన్నమాట. ఇక ప్రదర్శన క్షేత్రము చెవికి గాక కంటికి చెప్పిన మాట. గట్టుమీద నిలిచి పైరు చూచిన రైతునకు ఉపన్యాసముతో పని లేదు.

తరువాత 1966 నవంబరులో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అను పొట్టి వరిని విడుదల చేసెను. ఇండోనీషియాకు చెందిన పేటా అను పొడుగు వరిని, తైవాను పొట్టి వరిని సంకరపరచి దీనిని సృష్టించిరి. నత్రజని యెంత వేసినను పడిపోక నిలుచుట దాని గుణము. ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దానిని సాగుచేసి, పిమ్మట "మిస్టర్ ఐ.ఆర్.8" అన్న పేరు పొందిరి. ఆ పేరు పెట్టినది ప్రకటన కాదు, పంట. తమవంటి రైతు, తాము నడచు గట్ల నడుమ, తాము త్రాగు కాలువ నీటితో పండించిన పంట అది. అంతకు మించిన ప్రకటన ఏ పత్రికయు వేయజాలదు.

కాని ఇచ్చట కథ ముగియలేదు. దిగుబడిని గూర్చిన సందేహము తీరినది గాని, ఇంకను రెండు సందేహములు మిగిలెను. పొట్టి వరి గనుక గడ్డి తక్కువ. పశువుల మేత మాటేమి? బియ్యము మొద్దు, వండిన అన్నము చల్లారిన కొలది గట్టిపడును, తినువారి మాటేమి? అధిక దిగుబడి అధిక దిగుబడి అని ఎంత గొంతెత్తి చెప్పినను ఈ రెండింటికిని అది సమాధానము కాదు. రైతు పండించును, మిల్లరు కొనవలెను, ఇల్లాలు వండవలెను, పిల్లలు తినవలెను. ఒక వస్తువునకు కొనువాడు ఒక్కడే అని తలచుట ప్రకటన వ్రాయువారు తరచుగా చేయు పొరపాటు. వరి విత్తనము కొనునది రైతే యైనను, చివరి తీర్పు చెప్పునది అన్నము కుండ.

1925లో నెలకొన్న మారుటేరు వరి పరిశోధన కేంద్రము ఈ తీర్పును విన్నది. 1982లో ఆ కేంద్రమునుండి వెలువడిన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ, వశిష్ఠ, మషూరి అను రకముల సంకరము. అది గోదావరి గట్లు దాటి తూర్పు భారతమంతట వ్యాపించినది. దిగుబడియు, తినుటకు అనువైన బియ్యమును ఒక్కచోట చేరుటయే దాని బలము. ఇందు గ్రహింపవలసినది యేమనగా, వినువాని సందేహము ఒక్కొక్కప్పుడు మాటతో తీరునది కాదు. సరకునే మార్చవలసి వచ్చును. మనస్తత్త్వ జ్ఞానమునకు మొదటి ప్రయోజనము ప్రకటన బాగుపడుట కాదు, వస్తువు బాగుపడుట.

పేరు పెట్టుటలోను ఒక విద్య కలదు. మారుటేరునుండియే వచ్చిన ఎం.టి.యు. 1010కి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టిరి. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటన్ పేరు వినగానే డెల్టా రైతునకు కలుగు కృతజ్ఞత వేరు. సన్నాలు అన్న మాట బియ్యపు గుణమును చెప్పుచున్నది. రెండు మాటలలో ఒకటి హృదయమునకు, ఒకటి వంటింటికి. పేరు అందముగ నుండుట చాలదు. ఆ పేరు నిజము చెప్పవలెను. సన్నాలని పేరు పెట్టి మొద్దు బియ్యము నిచ్చినచో, రెండవ పంటకు కాటన్‌దొరయు కాపాడలేడు.

ఇక రాజమహేంద్రవరము వత్తము. స్వదేశీ ఉద్యమపు దినములలో కోసూరి వెంకటరత్నము గారు 1932లో ఇచ్చట ఫౌంటెను కలములను తయారుచేయ నారంభించిరి. ఎబొనైటును తరణిపట్టి చేసిన ఆ కలమును, అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్ప గారి ద్వారా మహాత్మునకు పంపిరి. 1935 జూలైలో గాంధీజీ స్వహస్తముతో లేఖ వ్రాసి, తాము ఆ కలమును వాడితిమనియు, బజారులోని విదేశీ కలములకు అది మంచి బదులుగా కనబడుచున్నదనియు తెలిపిరి.

ఆ లేఖను ప్రకటన దృష్టితో పరిశీలించిన మనకు ఒక చిత్రము తోచును. అందు పొగడ్త లేదు. లోకములో దీనికి సాటి లేదన్న మాట లేదు. వాడితిని, బదులుగా పనికివచ్చునట్లున్నది – ఇంతియే. కాని నాటి స్వదేశీ మనస్సున మెదలుచుండిన సందేహము సరిగా అదియే గదా! దేశభక్తికై కొందము, కాని వ్రాయునా? ఆ ఒక్క ప్రశ్నకు ఒక్క వాక్యములో సమాధానము దొరికెను. అందులోను వాడి చూచిన వారి నోట దొరికెను. అతిశయోక్తి లేకుండుటయే ఆ మాటకు బలము. మన చిన్న పరిశ్రమలవారు తమ కరపత్రములలో "అత్యుత్తమము, అద్వితీయము, ప్రపంచ ప్రసిద్ధము" అని వ్రాసికొనుటకు ముందు ఈ లేఖను తలచుకొనుట మంచిది. విశేషణము పెరిగినకొలది విశ్వాసము తరుగును.

తెలుగువారిలో ఈ విద్యనెరిగిన మహనీయులు మరికొందరు కలరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. క్రొత్త మందును ఎవరు నమ్ముదురు? సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. చాలసేపు కూర్చుండి వినువారికి తలనొప్పి వచ్చుట సహజము. అవసరము కలిగిన చోటనే వస్తువు చేతికందినది. రాసికొన్నవాడు ఫలితమును తానే తెలిసికొనును. అయోవా రైతు ఒక మడిలో విత్తి చూచుటకును, సభలోని రసికుడు నుదుట రాసి చూచుటకును భేదమేమున్నది? రెండును స్వల్ప నష్టముతో చేయు పరీక్షలే.

మదరాసులో కేసరి కుటీరమును స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరి గారు మరియొక త్రోవ త్రొక్కిరి. స్త్రీల కొరకు లోధ్ర అను ఔషధమును తయారుచేయు ఆయన, 1928లో గృహలక్ష్మి అను స్త్రీల మాసపత్రికను ప్రారంభించిరి. తెలుగు రచయిత్రులకు స్వర్ణకంకణములు బహూకరించిరి. పత్రికలో మందు ప్రకటన ఒక పుటలో నుండును. కథలు, వ్యాసములు, గృహనిర్వహణ విషయములు తక్కిన పుటలలో నుండును. నేటి వ్యాపార నిపుణులు దీనినే క్రొత్త విద్యగ చెప్పుచున్నారు – అమ్మవలసిన వస్తువును గూర్చి మాత్రమే గాక, కొనువారికి పనికివచ్చు విషయములను చెప్పి వారి ఆదరము సంపాదింపుడని. మన వారికిది ఏనాడో తెలిసిన సంగతి. ఇచ్చి పుచ్చుకొనుటలో ఇచ్చుట ముందున్నదని భాషయే చెప్పుచున్నది గదా.

ఇంతవరకు సందేహమును తీర్చిన కథలు చెప్పితిమి. ఇక నిద్రపుచ్చు కథలు.

పుస్తెలు అమ్ముకొనియైనను పులస తినవలెనన్న సామెత గోదావరి తీరమున పుట్టినది. ఎవరు కట్టిరో తెలియదు గాని, ఏ ప్రకటన సంస్థయు ఇంతకు మించిన వాక్యమును వ్రాయలేదు. సముద్రపు ఇలస వరదనీటికి ఎదురీది గోదావరిలోనికి వచ్చి పులస యగును. దొరకునది కొలది వారములు, కొలది చేపలు. అరుదైన దానికై మనస్సు ఆరాటపడుట మానవ స్వభావము. ఆ ఆరాటములో ధర అడుగు నోరు మూతపడును. మూతపడిన నోటిముందు పరాయి చోటనుండి మంచుపెట్టెలో వచ్చిన ఇలసయు పులసగ చెల్లిపోవును. ఇందు సామెత దోషము లేదు. పులస రుచి నిజమే. కొరత నిజమైనపుడు దానిని చెప్పుట సమాచారము. కొరతను కల్పించి తొందరపెట్టుట మోసము. నేడే ఆఖరు దినము, రెండే మిగిలినవి, ఇప్పుడే కొనకున్న మరి దొరకదు – ఫోనులో వచ్చు ఇట్టి ప్రకటనలన్నియు ఆ చేపల గంపకు దూరపు చుట్టములే. వాని ఉద్దేశ మొక్కటే: కొనువానికి ఆలోచించు వ్యవధి లేకుండ జేయుట.

మా రేడియో వృత్తికి సంబంధించిన ఉదాహరణ మొకటి చెప్పుట ధర్మము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943 సెప్టెంబరు 21వ తేదీన, కేట్ స్మిత్ అను అమెరికా గాయని పదునెనిమిది గంటల కాలములో అరువదిమార్లకు పైగా రేడియోలో మాటలాడి, యుద్ధ ఋణపత్రములు కొనుడని ప్రజలను వేడెను. ఆ ఒక్క దినమున సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్ల కొనుగోళ్లకు వాగ్దానములు వచ్చినవి. రాబర్టు మెర్టన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఆ శ్రోతలలో నూరుగురిని విపులముగ ప్రశ్నించి 1946లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె మాటలు కాదు, ఆమె శ్రమయే వారిని కదలించినదని తేలెను. తెల్లవారినది మొదలు గొంతు బొంగురుపోవుదాక ఆమె పడుచున్న కష్టము వినబడుచుండగా, ఈమె మనఃపూర్వకముగనే అడుగుచున్నదని వారు నమ్మిరి.

మెర్టన్ అంతటితో ఊరకుండలేదు. తమపై నిజమైన ఆదరము లేకయే ఆదరము నటించి తమను వాడుకొనువారి నడుమ జీవించి జీవించి, జనులు నిష్కాపట్యమునకై దాహము గొనియున్నారని ఆయన వ్రాసెను. ఆత్మీయతయే అంగడి సరకైనచోట నిజమైన ఆత్మీయత కెంత వెల కలుగునో చూడుడు! మైకు ముందు కూర్చుండి "అక్కయ్యా, అన్నయ్యా" అని పిలుచు మావంటివారు ఈ మాటను మరువరాదు. మాకు శ్రోత కనబడడు. వంటింటిలో పప్పు తిరగబోయుచు వినునో, వరండాలో పడకకుర్చీలో వినునో, పొలము గట్టున వినునో మేమెరుగము. ఎరుగని మనుష్యుని చుట్టరికముతో పిలుచునపుడు ఆ చుట్టరికపు బాధ్యతయు మాపై పడును. అక్కయ్య అని పిలిచి పనికిరాని మందును కొనిపింపరాదు.

చట్టమును ఈ విషయమున మౌనము వహింపలేదు. రోగములను మాయగా కుదుర్తుమను ప్రకటనలను నిషేధించుచు 1954లోనే శాసన మొకటి వచ్చినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలకు శిక్ష విధించుటకు ఏర్పాటు చేసినది. అయినను చట్టము వచ్చులోపల సొమ్ము పోవును. చట్టము చూడలేని అసత్యములును కలవు. అట్టిది యొకటి మన డెల్టాలోనే ఉన్నది.

నరసాపురపు లేసు పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. కొంకి సూదియు దారపుండయు చాలును. చుట్టుపట్ల పల్లెలలో వేలాది స్త్రీలు ఇండ్లలో కూర్చుండి అల్లిన లేసు ఐరోపా బల్లలపై పరచుకొన్నది. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. ఆమె చూపిన సత్యము కఠినమైనది. లేసు అల్లువారిని శ్రామికులని ఎవ్వరు ననలేదు, గృహిణు లనిరి. వారి పనిని తీరిక వేళల వ్యాపక మనిరి. తీరిక వేళ పనికి కూలి ఎంత ఇచ్చిన నేమి? దినమునకు గంటల తరబడి కన్నులు కాయలు కాయ అల్లినను, వ్యాపక మన్న ఒక్క మాట వారి కూలిని తగ్గించినది. ఎగుమతి లాభము ఇతరుల కందినది.

ఇప్పుడు ప్రకటన వ్రాయువాడు ఏమి చేయవలెను? దూరదేశపు కొనుగోలుదారు మనస్సును చదివినవాడు, "సుందరమైన గోదావరి తీరమున, వెన్నెల రాత్రులలో, పాటలు పాడుకొనుచు గృహలక్ష్ములు సరదాగా అల్లిన లేసు" అని వ్రాయును. కొనువారికి అది మనోహరముగ నుండును, సరకు కదలును. కాని ఆ సరదా అన్న మాట అల్లినదాని చేతినుండి కూలిని లాగికొనును. కొనువారి మనస్సున ఉదయింపవలసిన సందేహ మొకటి – చేసినవారికి ఎంత ముట్టినది? – ఆ తీయని మాట కింద నిద్రపోవును. అట్లు గాక, ఈ బల్లగుడ్డ అల్లుటకు ఇన్ని దినములు పట్టినవి, ఇంత కూలి ముట్టినది అని వ్రాసి చూడుడు. చేతిపని విలువ నెరిగి కొనువారు దూరదేశములలోను కలరు. వారికి కావలసినది ఈ లెక్కయే. 2024లో ఈ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్ష కలిగినది, సంతోషమే. పేరు వెనుక చేతికిని రక్ష కలుగవలెను. అది శాసనముతో పాటు, వ్రాయు మాటమీదను ఆధారపడి యున్నది.

ఇక మన ప్రాంతములో చిన్న వ్యాపారములు చేసికొనుచు, పొట్లముపైనో, కరపత్రముపైనో, ఫోనులోనో నాలుగు మాటలు వ్రాసికొనవలసిన వారికి పనికివచ్చు సంగతులు కొన్ని చెప్పెదము.

కలము పట్టుటకు ముందు, మీ సరకు కొనక తిరిగి పోయినవారిని తలచుకొనుడు. కొన్నవారు మీకు మంచి చెప్పుదురు. కొననివారు నిజము చెప్పుదురు. వారి సందేహమేమో దానితోనే మీ మాట మొదలు కావలెను. ఆత్రేయపురపు పూతరేకును తీసికొందము. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొనువానికి దాని చరిత్ర కంటె ముందు తోచునది, నేయి మంచిదేనా అని. దుకాణము ముందు బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండపై పరచి, రెప్పపాటులో రేకు తీయుచున్న స్త్రీని చూచినవానికి సగము సందేహము తీరును. కన్నుల యెదుట నేయి పోసి మడిచి ఇచ్చినచో తక్కిన సగమును తీరును. దూరపు వానికి అమ్మునపుడు ఏ నేయి, ఏ బెల్లము, ఎన్ని దినములు నిలువ యుండును అన్నవి పెద్ద అక్షరములతో వ్రాయుడు. "అమ్మమ్మ చేతి రుచి" అన్నది ఆ తరువాత.

ఒక మాటకు ఒక మనిషినే ఎదుట నిలుపుకొనుడు. "సకల జనులకు" అని వ్రాసిన మాట ఎవరికిని చెందదు. సార్వాకు విత్తనము కొను కౌలురైతునకు చెప్పు మాట వేరు, దాళ్వాకు నీరు వచ్చునో రాదో అని చింతించు చివరి ఆయకట్టు రైతునకు చెప్పు మాట వేరు. లోపమున్నచో మీరే ముందు చెప్పుడు. జాందానీ చీరకు నేత ఆలస్యమగునని చెప్పి అమ్మినవాడు, ఆలస్యమైనపుడు తిట్లు తినడు. చిన్న పరీక్షకు అవకాశ మిండు. పావుకిలో కొన్నవాడే పండుగకు పది కిలోలు కొనును. మీ వాడుకదారు చెప్పిన మాటను మెరుగు పెట్టక ఉన్నదున్నట్లు ముద్రింపుడు.

శ్రోతలారా, ఇల్లు నడపు మీకును ఇందు పని కలదు. ఏదేని ప్రకటన విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది నా సందేహమును తీర్చినదా, మరపించినదా? నన్నెందుకు తొందరపెట్టుచున్నది? ఈ ధరలో చేసినవారి చేతికి ముట్టిన దెంత? మొదటి ప్రశ్న మీ సొమ్మును కాపాడును. రెండవది మీ నిదానమును కాపాడును. మూడవది ఇతరుల శ్రమను కాపాడును. ఇంటిలోని పిల్లలకును ఈ ప్రశ్నలు నేర్పుడు. నేడు ప్రకటనలు పెద్దల కంటె ముందు వారి చేతిలోని తెరపైననే వ్రాలుచున్నవి.

మనస్సు నెరుగుట అన్నది కత్తివంటి విద్య. కొబ్బరికాయ కొట్టుటకు పనికివచ్చును, గొంతు కోయుటకును పనికివచ్చును. ఆచంట చేలోను, రాజమహేంద్రవరపు కలములోను, మారుటేరు విత్తనములోను మనము చూచినది మొదటి ఉపయోగము. అచ్చట వినువాని సందేహమును గౌరవించిరి. అందుచేతనే ఆ పేర్లు దశాబ్దములు గడచినను నిలిచియున్నవి. అమ్మువాడు కొనువానిని తెలివిగలవానిగ ఎంచి పలికిన మాటయే కడకు లాభసాటి మాట. సంత ముగిసిన పిమ్మటను ఇద్దరును ఒకే ఊరిలో ఉండవలసినవారు గదా!